అతిథి యంత్రమునకు తెర కొలత

ఒక కంప్యూటరులో మరియొక కంప్యూటరు కాపురముండవచ్చునన్న మాట వింతగా తోచును. కాని ఇది నిన్న మొన్నటి సంగతి కాదు. 1967లోనే అమెరికాలోని కేంబ్రిడ్జి నగరమున ఐ.బి.యం. సంస్థవారు ఒక్క పెద్ద యంత్రమును పలు యంత్రములవలె వాడుకొను ఏర్పాటును నడిపించిరి. 1972లో ఆ సంస్థయే వీయం/370 అను పేర దానిని కొనుగోలుదారులకు ప్రకటించెను. 1999లో వీయంవేర్ వర్క్‌స్టేషన్, 2007లో వర్చువల్‌బాక్స్ వెలువడిన పిమ్మట ఈ సౌకర్యము మన ఇంటి బల్లమీదికి వచ్చినది.

ఇట్లు లోపల వెలసిన కంప్యూటరును వర్చువల్ మెషీన్ అందురు. చోటిచ్చిన అసలు యంత్రమును ఆతిథేయి అనియు, లోపలిదానిని అతిథి అనియు మేము వ్యవహరింతుము. ఇంట విండోస్ ఉండగా లినక్స్ నేర్వగోరు విద్యార్థికిని, పాత విండోస్‌లోనే పనిచేయు లెక్కల ప్రోగ్రామును విడువలేని వర్తకునికిని ఇది మిక్కిలి ఉపయోగకరము. అయితే వీరిరువురికిని తొలినాడే ఒక చిక్కు ఎదురు కావచ్చును. ఎదుట విశాలమైన తెర యుండగా అతిథి మాత్రము నడుమ చిన్న చదరములో ముడుచుకొని యుండును. విండోను లాగి పెద్దది చేసినచో చుట్టునున్న ఖాళీ అంచు పెరుగునే గాని లోపలి బొమ్మ పెరుగదు. తెర చెడినదనియో, యంత్రము పాతబడినదనియో తలచి క్రొత్తది కొనబోవుట సహజమే. కాని ఆ ధనము వృథా. దోషము తెరలో లేదు.

అతిథికి మన తెర కనబడదు. ఇదియే చిక్కుకు మూలము. మామూలు కంప్యూటరునకు తెరను తగిలించినపుడు ఆ తెర తన కొలతలను తానే యంత్రమునకు తెలియజేయును. ఇందులకు ఇ.డి.ఐ.డి. అను ప్రమాణము 1994 నుండియు కలదు. అతిథికి లభించు వీడియో కార్డు ప్రోగ్రాముతో కల్పించినది. దాని తెరయు కల్పితమే. దానికి తగిన డ్రైవరు లేనిచో, అతిథి ఎల్ల యంత్రములకును తెలిసిన పాత కొలతలలో ఒకదానిని పట్టుకొని యుండును. 800×600, 1024×768 అట్టివి. 640×480 అనునది 1987లో ఐ.బి.యం. ప్రవేశపెట్టిన వీజీఏ నాటి కొలత.

ఈ అంకెలు తెరపై అడ్డముగను నిలువుగను అమరు చుక్కల సంఖ్యలు. దీనినే రిజల్యూషన్ అందురు. 1024×768 కొలతలో మొత్తము 7,86,432 చుక్కలుండును. 1920×1080 కొలతలో 20,73,600 ఉండును. చుక్కలు పెరిగినకొలదియు అక్షరము స్ఫుటమగును. వర్చువల్‌బాక్స్‌లో స్కేల్డ్ మోడ్ అను ఏర్పాటు కలదు. అది ఉన్న చుక్కలనే సాగదీసి విండోను నింపును; క్రొత్త చుక్కలను చేర్చదు. రేడియోలో కేంద్రము సరిగా కుదరనపుడు ధ్వనిని పెంచిన గొరగొరయు పెరుగును గదా! అచ్చట ముల్లును సరిచేయుట ఎట్టిదో, ఇచ్చట రిజల్యూషన్‌ను సరిచేయుట అట్టిది. తెలుగు చదువువారికి ఈ భేదము మరింత ముఖ్యము. ‘ద’కును ‘ధ’కును నడుమ భేదము క్రిందనున్న చిన్న గీటే. గుడికిని గుడిదీర్ఘమునకును భేదము ఒక చిన్న వంపే. సాగదీసిన బొమ్మలో ఇవి అలుకుకొనిపోవును. చదువరి తన కన్నులను నిందించుకొనును.

ఇక నివారణోపాయము. అతిథికిని ఆతిథేయికిని నడుమ కబురు మోయు దూత కావలెను. వర్చువల్‌బాక్స్‌లో ఆ దూత పేరు గెస్ట్ అడిషన్స్. మొదట అతిథి యొక్క ప్రస్తుత స్థితిని స్నాప్‌షాట్‌గా భద్రపరచుకొనవలెను. పిదప అతిథి నడచుచుండగా డివైసెస్ మెనూలో ‘ఇన్సర్ట్ గెస్ట్ అడిషన్స్ సీడీ ఇమేజ్’ అనుదానిని నొక్కవలెను. అతిథిలో ఒక సీడీ కనబడును. దానిని తెరచి అందలి ప్రోగ్రామును స్థాపించి, అతిథిని మరల ప్రారంభింపవలెను. లినక్స్ అతిథియైనచో కంపైలరు, మేక్, కెర్నెల్ హెడర్లు ముందుగా ఉండవలెను. ఇవి లేనిచో స్థాపన మధ్యలో నిలిచిపోవచ్చును. తరువాత వ్యూ మెనూలో ‘ఆటో-రీసైజ్ గెస్ట్ డిస్‌ప్లే’ అమలులో ఉన్నదో లేదో చూడవలెను. అంతట విండోను ఎంత లాగిన అంతకు తగినట్లు అతిథి తన రిజల్యూషన్‌ను మార్చుకొనును. కుడివైపు కంట్రోల్ మీటతో ‘ఎఫ్’ మీటను నొక్కినచో తెర నిండును. వీయంవేర్‌లో ఈ దూత పేరు వీయంవేర్ టూల్స్. లినక్స్‌లో ఓపెన్-వీయం-టూల్స్ అను రూపమున లభించును.

ఇంతచేసినను ఫలితము లేనిచో అతిథిని పూర్తిగా ఆపివేయవలెను. సేవ్ చేసి నిద్రపుచ్చినచో చాలదు. ఆ స్థితిలో ఈ అమరికలు మారవు. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే భాగమున రెండు సంగతులు పరీక్షింపవలెను. మొదటిది వీడియో మెమరీ. ఒక్కొక్క చుక్కకు నాలుగు బైట్ల వంతున 1920×1080 బొమ్మ ఒక్కదానికే 82,94,400 బైట్లు, అనగా దాదాపు 8 మెగాబైట్లు పట్టును. ఇతర అవసరములును ఉండును గనుక 128 మెగాబైట్లు కేటాయించుట మేలు. రెండవది గ్రాఫిక్స్ కంట్రోలరు. లినక్స్ అతిథులకు వీయంఎస్‌వీజీఏ, నేటి విండోస్ అతిథులకు వీబాక్స్ఎస్‌వీజీఏ తగినవి.

రిజల్యూషన్ సరియైన పిమ్మట అక్షరములు మరీ చిన్నవైనట్లు తోచవచ్చును. అపుడు రిజల్యూషన్‌ను తగ్గింపరాదు. అతిథిలోని డిస్‌ప్లే అమరికలలో స్కేల్‌ను 125 లేక 150 శాతమునకు పెంచవలెను. చుక్కలు అన్నియు నిలిచియుండగనే అక్షరము పెద్దదగును. ఒత్తులును గుడులును చెదరవు.

వర్చువల్‌బాక్స్‌ను క్రొత్త సంచికకు మార్చినపుడు గెస్ట్ అడిషన్స్‌ను కూడ మార్చుట మరువరాదు. దానిని ఊరుపేరు లేని చోట్లనుండి తెచ్చుకొన పనిలేదు. వర్చువల్‌బాక్స్ మెనూనుండియే అది లభించును. తెర మార్చుటకు అంగడికి బోవు ముందు ఈ మెట్లను వరుసగా ఎక్కి చూడుడని మా మనవి. ఇందులకు పట్టునది కొంచెము సేపు మాత్రమే. ఖర్చు ఏమియు లేదు.