ఆర్మూర్ ఎండకు విమానం పైకి లేవదా? రన్‌వే మీద కనిపించని ‘ఎత్తు’ కథ ఇదీ..

ఎండాకాలం మధ్యాహ్నం ఆర్మూర్‌లో బయట అడుగు పెట్టలేం. కళ్లాల్లో ఉడకబెట్టిన పసుపు ఎండాలంటే ఎండ కావాల్సిందే. కానీ ముదిరిన ఎండ చిన్న విమానానికి మాత్రం గండం. పక్కనే జక్రాన్‌పల్లిలో ఎయిర్‌పోర్ట్ ప్రతిపాదన ఏళ్లుగా నలుగుతోంది కాబట్టి ఇక్కడివాళ్లకు ఇదేం దూరపు ముచ్చట కాదు.

అసలు విషయం ఏంటంటే.. వేడెక్కిన గాలి పలచబడుతుంది. ఆర్మూర్ సముద్ర మట్టానికి దాదాపు 1,300 అడుగుల ఎత్తులో ఉంది. 45 డిగ్రీల ఎండలో మాత్రం ఇక్కడి గాలి, మామూలుగా 5 వేల అడుగుల పైన ఉండే గాలంత పలచగా మారుతుంది. అరకు లోయ ఎత్తే సుమారు 3 వేల అడుగులు! ఇలా గాలి సాంద్రతను బట్టి లెక్కగట్టే ఎత్తునే డెన్సిటీ ఆల్టిట్యూడ్ అంటారు. విమానం నిలబడింది ఆర్మూర్‌లోనే, కానీ రెక్కలకు, ఇంజిన్‌కు మాత్రం కొండ మీద ఉన్నట్టే.

టర్బో లేని పిస్టన్ ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకు సుమారు 3 శాతం శక్తి కోల్పోతుంది. ప్రొపెల్లర్‌కు గాలి సరిగ్గా చిక్కదు. రెక్కలకు అదే బలం రావాలంటే ఇంకా వేగంగా పరుగెత్తాలి. అంటే రన్‌వే ఎక్కువ కావాలి.

అసలు మోసం ఆ తర్వాతే. నేలకు దగ్గరగా ఉన్నంతసేపు రెక్కల కింద గాలి కాస్త ఆసరా ఇస్తుంది. దాంతో విమానం లేస్తుంది, పైలట్ గండం గడిచిందనుకుంటాడు. కొన్ని అడుగులు పైకెళ్లగానే ఆ ఆసరా పోతుంది. ఇక ఎక్కదు, ఎదురుగా చెట్లు!

2012 జూన్ 30న అమెరికాలోని ఐడహోలో ఇదే జరిగింది. బ్రూస్ మెడోస్ ఎయిర్‌స్ట్రిప్ నుంచి నలుగురితో బయల్దేరిన పాత స్టిన్సన్ విమానం చాలా దూరం పరుగెత్తి లేచింది, కానీ ఎత్తు అందుకోలేక చెట్లలో కూలింది. అప్పుడు డెన్సిటీ ఆల్టిట్యూడ్ 9 వేల అడుగులు దాటింది. పైలట్‌కు తీవ్ర గాయాలైనా నలుగురూ బతికారు. లోపల తీసిన వీడియో ప్రపంచమంతా చూసింది.

పెద్ద విమానాలకూ ఈ బెడద తప్పదు. 2017 జూన్‌లో ఫీనిక్స్‌లో ఎండ 48 డిగ్రీలకు చేరడంతో 40కి పైగా చిన్న జెట్ సర్వీసులు రద్దయ్యాయి.

అందుకే రన్‌వే పొడవు ఎండను బట్టి కూడా లెక్కిస్తారు. ఐకావో లెక్క ప్రకారం ప్రతి 300 మీటర్ల ఎత్తుకు 7 శాతం, ఆ ఎత్తులోని ప్రామాణిక ఉష్ణోగ్రత దాటిన ప్రతి డిగ్రీకి 1 శాతం పొడవు పెంచాలి. వేసవి పగటి సగటు 41 డిగ్రీలనుకుంటే, ఆర్మూర్ ప్రాంతంలో ఒక్క ఎండకే 28 శాతం కలపాలి! మొత్తం పెంపు 35 శాతం దాటితే విడిగా అధ్యయనం చేయాలన్నది నిబంధన. ఇక్కడ ఎత్తును కూడా కలిపితే అది దాటేస్తుంది.

మరి చిన్న విమానాల పైలట్లు ఏం చేస్తారు? బరువు తగ్గిస్తారు, ఇంధనం సగమే నింపుతారు, లేదా పొద్దున్నే బయల్దేరతారు. తెల్లవారుజామున 25 డిగ్రీలుంటే ఆర్మూర్‌లో ఆ ‘ఎత్తు’ 2,800 అడుగుల దగ్గరే ఆగుతుంది.