పురానాపూల్: నగరముకంటె పెద్ద వంతెన

వానకాలమున వాగు దాటవలసిన పల్లెవారికి వంతెన విలువ వేరొకరు చెప్పనక్కరలేదు. 2025 ఆగస్టు చివర కామారెడ్డి జిల్లాను ముంచెత్తిన వర్షములను రామారెడ్డి పరిసరములందలి శ్రోతలు మరచియుండరు. రోడ్లు తెగినవి, రైలుకట్ట మన్ను కొట్టుకొనిపోయినది. అట్టి దినములలో మనకు తోచు ప్రశ్న యొకటి కలదు. కొన్ని వంతెనలు ఏల నిలుచును? కొన్ని ఏల కూలును? ఇందుకు సమాధానము చెప్పగల వృద్ధసాక్షి యొకటి హైదరాబాదులో మూసీనదిపై నున్నది. అదియే పురానాపూల్, అనగా పాత వంతెన.

తెలుగు కవులు మల్కిభరాముడని కొనియాడిన ఇబ్రహీం కుతుబ్‌షా 1578లో దీనిని కట్టించెను. హైదరాబాదు నగరము వెలసినది 1591లో. కాబట్టి వంతెన నగరముకంటె పదమూడేండ్లు పెద్దది. పొంగిన మూసీలో యువరాజు మహమ్మద్ కులీ తన ప్రేయసి భాగమతికై గుఱ్ఱమును దుమికించెననియు, తండ్రి భయపడి వంతెన కట్టించెననియు ఒక కథ ప్రచారములో నున్నది. కాని అప్పటికి యువరాజునకు పండ్రెండు పదమూడేండ్లే! గోల్కొండకోటకును దక్షిణపుటొడ్డునకును నడుమ రాకపోకలే వంతెనకు అసలు కారణమని తలచుట యుక్తము.

సుమారు 600 అడుగుల పొడవు, 22 కమానులు గల రాతికట్టడమిది. పదునేడవ శతాబ్దమున వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే దీనిని చూచి పారిస్ నగరపు ‘పాఁ నఫ్’ వంతెనతో పోల్చెను. చిత్రమేమనగా, ఆ వంతెనకు పునాది పడినదియు 1578లోనే. ఆ పేరునకు అర్థము క్రొత్త వంతెన. నేడు పారిస్‌లో అన్నిటికంటె పాతది అదియే!

కమానులో ప్రతి రాయియు ప్రక్కరాతిని నొక్కుచు, బరువును స్తంభములలోనికి, అచ్చటనుండి పునాదిలోనికి దింపును. నొక్కుడును ఓర్చుకొనుట రాతికి స్వభావము. కాని పునాదిక్రింది ఇసుకను ప్రవాహము తోడివేసినను, కొట్టుకొనివచ్చిన చెట్లు కమానులకు అడ్డుపడినను రాయి యొక్కటే ఏమి చేయగలదు? 1820 వరదలో వంతెన దెబ్బతినగా సికందర్ జా బాగుచేయించెను. 1908 సెప్టెంబరు 28నాటి మహాప్రళయములో వేలాది జనులు మరణించిరి. దిగువనున్న అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కూలినవి. పురానాపూల్ గాయపడియు నిలిచినది. మరల బాగుచేసిరి, మరల నడిచినది.

కఱ్ఱవంతెనల కథయు ఇట్టిదే. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 1861 మొదలు 1936 వరకు 400కు పైగా కఱ్ఱదూలముల వంతెనలను కట్టిరి. వానిలో పెక్కు పల్లెబాటలవి. పెర్సీ ఆలన్ అను ఇంజనీరు 1893లో, చెడిన దూలమును మాత్రమే తీసి క్రొత్తది బిగించుటకు వీలగు పద్ధతిని కల్పించెను. మిగిలియున్న వానిలో కొన్నిటిని వారసత్వ కట్టడములుగా నేటికిని కాపాడుచున్నారు. రాయియైనను కఱ్ఱయైనను వంతెనకు ఆయువు పోయునది మరమ్మతే.

మన వాగులపైనున్న చిన్న వంతెనలకు ఎవ్వరును చరిత్ర వ్రాయలేదు. అయినను తొలకరికి ముందు తూములలోని పూడికను, చెత్తను తీయించుట, గోడపగుళ్లలో మొలచిన రావిమొక్కను వేరుతో పెరికించుట మన చేతిలోని పనులే. ఏటేట జరిగిన ఇట్టి చిన్న శ్రద్ధయే, వరదరాత్రి ఒక ఊరిని మరియొక ఊరితో కలిపి యుంచును.