షౌఖ్ కోసం ప్రోగ్రామింగ్: ముందు ఏ లాంగ్వేజ్ నేర్చుకోవాలె?

నల్లగొండ పక్కనున్న పానగల్‌లో ఇంటర్ పరీక్షలు రాసి ఇంట్లో ఉన్న కుర్రాడు "ప్రోగ్రామింగ్ నేర్చుకుంట" అన్నాడనుకోండి. ఆ సాయంత్రానికే మూడు సలహాలు వస్తాయి. హైదరాబాద్‌లో పనిచేసే మామూ జావా అంటాడు. సౌదీ నుంచి ఫోన్ చేసిన భాయిజాన్ పైథాన్ అంటాడు. కాలేజీ సార్ "సి రాకుంటే ఏదీ రాదు" అంటాడు. ఎవరి మాటా తప్పు కాదు. కాకపోతే ముగ్గురూ నౌకరీ గురించి చెబుతున్నారు. పిల్లాడు అడిగింది షౌఖ్ గురించి.

షౌఖ్ కోసం నేర్చుకునేవారి ఇబ్బంది వేరు. పక్కన సార్ ఉండడు. ఇషా తర్వాత గంటసేపు ఫోన్ ముందు కూర్చుంటే, ఏదైనా ఆగిపోయినప్పుడు అడగడానికి మనిషి దొరకడు. చాలామంది మానేసేది అక్కడే. అందుకే ఏ లాంగ్వేజ్ గొప్పది అని కాకుండా, మనం తప్పు చేసినప్పుడు అది ఏం చేస్తుంది అని చూసుకోవాలి.

ఇంట్లో పనికొచ్చే ఉదాహరణే తీసుకుందాం. రంజాన్‌లో అమ్మీ జకాత్ లెక్క వేస్తుంది. చేతిలో నగదు 2,00,000 రూపాయలు, బంగారం విలువ 3,00,000 రూపాయలు అనుకుందాం. అప్పులేమీ లేవు. మొత్తం నిసాబ్ దాటితే (మన దేశంలో చాలామంది ఆలిమ్‌లు 612.36 గ్రాముల వెండి విలువను లెక్కలోకి తీసుకుంటారు) నలభైలో ఒక వంతు ఇవ్వాలి. అంటే 5,00,000లో 12,500 రూపాయలు. చిన్న ప్రోగ్రామ్‌కు ఇంతకంటే మంచి లెక్క దొరకదు.

కొత్తవాళ్లు ఇక్కడే జారిపడతారు. స్క్రీన్ మీద మనం టైప్ చేసింది కంప్యూటర్‌కు ముందు అంకెగా కాదు, అక్షరాలుగా చేరుతుంది. దాన్ని అంకెగా మార్చమని మనమే చెప్పాలి. ఆ సంగతి మరిచిపోయి రెండింటినీ కూడమంటే 2,00,000, 3,00,000 కలిసి 5,00,000 అవ్వవు. ఒకదాని పక్కన ఒకటి అతుక్కుని 200000300000 అవుతాయి. జావాస్క్రిప్ట్ ఏమీ అనకుండా దాన్నే నలభైతో భాగించి, 500 కోట్ల 7,500 రూపాయల జకాత్ కట్టమంటుంది! పైథాన్ అట్ల చేయదు. అక్షరాలను అంకెతో భాగించడం కుదరదని ఆగిపోతుంది, ఏ లైన్‌లో తప్పు ఉందో కూడా చూపిస్తుంది. ఒంటరిగా నేర్చుకునేవాడికి సార్ లేని లోటు కొంతైనా తీర్చేది ఆ లైన్ నంబరే.

500 కోట్లు చూస్తే ఎవరికైనా నవ్వొచ్చి, తప్పు ఎక్కడుందో వెతుకుతారు. తప్పు చిన్నదైతే? 12,500 బదులు 11,900 వస్తే ఎవరికీ అనుమానం రాదు. అట్లాంటిది పైథాన్ కూడా పట్టలేదు. ప్రతి ప్రోగ్రామ్‌నూ ముందే జవాబు తెలిసిన లెక్కతో ఒకసారి సరిచూసుకోవాలి. ఇక ఏ సొమ్ము లెక్కలోకి వస్తుంది, ఏ అప్పు తీసివేయాలి అన్నది ఆలిమ్‌ను అడగాల్సిన మసలా. ప్రోగ్రామ్ కూడడం, భాగించడం మాత్రమే చేస్తుంది.

ఇట్లాంటి లెక్కలు మనకు కొత్త కూడా కాదు. తొమ్మిదో శతాబ్దంలో బగ్దాద్‌లో ఉన్న అల్-ఖ్వారిజ్మీ బీజగణితం మీద రాసిన కితాబ్‌లో వారసత్వ వాటాల లెక్కలకు పెద్ద భాగమే ఉంది. ఈరోజు అందరూ వాడే 'అల్గోరిథమ్' అన్న మాట ఆయన పేరు నుంచే వచ్చింది.

మరి జావాస్క్రిప్ట్ వద్దా? అట్ల కాదు. దాని బలం వేరేచోట ఉంది. అది బ్రౌజర్‌లోనే నడుస్తుంది, విడిగా ఏదీ ఎక్కించక్కర్లేదు. చేసిన పేజీని వాట్సాప్‌లో పంపితే, సాధారణంగా అమ్మీ ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది. పైథాన్‌లో రాసింది అంత తేలిగ్గా చేతులు మారదు. నేర్చుకునేవాడికి లెక్కల మీద మక్కువ ఉంటే పైథాన్ మంచిది. చేసింది పదిమందికి చూపించాలన్న ఆత్రం ఉంటే జావాస్క్రిప్టే తీసుకోవాలి, టైప్ చేసినదాన్ని అంకెగా మార్చడం మాత్రం మరవొద్దు. పదేళ్ల తమ్ముడికో చెల్లెకో అయితే రెండూ వద్దు. రంగురంగుల దిమ్మెలు పేర్చే స్క్రాచ్ ఉంది. అమెరికాలోని ఎంఐటీ 2007లో పిల్లల కోసమే విడుదల చేసింది. అయితే ఫోన్ స్క్రీన్ దానికి చిన్నది, ట్యాబ్ గానీ కంప్యూటర్ గానీ కావాలి.

సి, జావా మంచివే. కాకపోతే 1972 ప్రాంతంలో పుట్టిన సి, మెమరీ బాధ్యతంతా మన నెత్తినే పెడుతుంది. జావాలో ఒక్క సలామ్ స్క్రీన్ మీద చూపించాలన్నా మామూలుగా అర్థం కాని మాటలు నాలుగు ముందు రాయాలి. రెండో లాంగ్వేజ్‌గా అవి ఇంత కష్టం అనిపించవు.

దీనికి ఫీజు అక్కర్లేదు, వెంటనే ల్యాప్‌టాప్ కొనాల్సిన పని కూడా లేదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో పైడ్రాయిడ్ 3 అనే యాప్ వేసుకుంటే పైథాన్ నడుస్తుంది. ఫోన్‌లో రెండు చికాకులు ఉంటాయి. పైథాన్‌లో లైన్ మొదట్లో వదిలే ఖాళీకి కూడా అర్థం ఉంది, ఒక్క స్పేస్ అటూఇటూ అయినా ఒప్పుకోదు. ఎక్కడినుంచైనా కోడ్ కాపీ చేస్తే కొన్నిసార్లు నిటారు కోట్ గుర్తులకు బదులు వంకర తిరిగినవి వస్తాయి, వాటినీ ఒప్పుకోదు. అందుకే మొదటి పదిహేను రోజులు కాపీ చేయకుండా ప్రతి అక్షరం చేత్తో టైప్ చేయడమే మేలు. జకాత్ లెక్క పూర్తయ్యాక కరెంట్ బిల్లు యూనిట్ల లెక్కో, దుకాణం ఉద్దెర ఖాతానో రాసుకోవచ్చు.