గోడ యెవరిది? బొమ్మ యెవరిది?

పండుగకు నాలుగుదినములు ముందుగా ప్రహరీగోడకు సున్నము వేయించి, మఱునాటి యుదయమున తలుపు తీయునప్పటికి ఆ తెల్లని గోడపై నెవరో బొగ్గుతో గీసిన గీతలు కానవచ్చినచో గృహిణికి కలుగు కోప మెట్టిదో మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు. గడచిన సంక్రాంతికి నాకును అట్టి కోపమే కలిగినది. తడిగుడ్డ చేతబట్టి వెలుపలికి వచ్చి చూతును గదా, ఆ గీతలలో నొక యావు, దాని ప్రక్కను దూడ, దూడ మెడలో చిన్న గంట! బొమ్మ చక్కగా నున్నది, గోడ మాది. తుడుచుటకు చేయి రాక కొంతసేపు నిలిచిపోతిని. పిమ్మట నేమి చేసితినో చివర చెప్పెదను.

గోడ యొకరిదియు బొమ్మ మఱియొకరిదియు నైనప్పుడు న్యాయ మెవరి పక్షమున నుండును? ఈ ప్రశ్నయే ఐరోపాఖండమునందలి మహానగరములను నలువది యేండ్లకు పైగా కలవరపెట్టుచున్నది. గోడలమీది యీ గీతలకు అచట 'గ్రాఫిటీ' యని పేరు. గీకుట యను నర్థముగల ఇటలీభాషా పదమునుండి యీ మాట పుట్టినది. ఆచారము మాత్రము కొత్తది కాదు. క్రీ.శ. 79వ సంవత్సరమున వెసూవియస్ అగ్నిపర్వతము బద్దలై బూడిదలో పూడ్చివేసిన పాంపేయీ నగరమును త్రవ్వి తీసినప్పుడు, ఇండ్లగోడలపైని, అంగళ్లగోడలపైని వేలకొలది వ్రాతలు బయల్పడినవి. ఎన్నికలలో ఫలానావానిని గెలిపింపుడనునవి, ప్రేమ మాటలు, తిట్లు, చిల్లర లెక్కలు, అన్నియు నందున్నవి. ప్రభువుల మాట శిలాశాసనములందు నిలిచినట్లు, సామాన్యుల మాట గోడలపై నిలిచినది.

నేటి పద్ధతి చాలవఱకు అమెరికాలోని న్యూయార్కు నగరమునుండి వచ్చినది. 1970 ప్రాంతమున అచటి యువకులు, మీట నొక్కినంతనే రంగు చిమ్మెడు డబ్బాలతో తమ మాఱుపేర్లను గోడలపైని, భూగర్భమున నడచు రైళ్లపైని వ్రాయసాగిరి. 1980 తరువాత నది ఐరోపా నగరములందు విస్తరించినది. పారిసునందు 'బ్లెక్ లె రా' యను మాఱుపేరుగల చిత్రకారుడు 1981లో అట్టముక్కలలో ఎలుకల యాకారములను కత్తిరించి, ఆ యట్టను గోడకు ఆనించి రంగు చిమ్మి, వీథివీథిని ఎలుకలను నిలిపెను. ఈ యుపాయము మన బజారులలో నమ్మెడు ముగ్గుజల్లెడల వంటిదే. శ్రమ యంతయు ఇంటనే ముగియును; వీథిలో కొన్ని నిమిషములు చాలును. పోలీసువారు వచ్చునప్పటికి చిత్రకారు డుండడు, చిత్ర ముండును.

ఈ విద్య నెఱిగినవారందఱు చిత్రకారులు కారు. కంటికి వెగటు కలిగించు పిచ్చిగీతలును అచట విస్తారముగా నుండును. వానిని కడిగించు వ్యయము గోడగలవారిపైని, పురపాలకసంఘములపైని పడును. ఆ కష్టమును మఱచి, బొమ్మ వేసినవారిని మాత్రమే మెచ్చుకొనుట న్యాయము కాదు.

ఇక బెర్లిను గోడ సంగతి వినుడు. 1961 ఆగష్టు 13వ తేదీన తూర్పు జర్మనీ ప్రభుత్వము తన ప్రజలు పడమటికి పాఱిపోకుండుటకై పశ్చిమ బెర్లినును చుట్టి కంచె వేసి, పిమ్మట గోడ కట్టినది. దాని చుట్టుకొలత 155 కిలోమీటర్లు. తూర్పు వైపున సైనికుల కావలి. అచట గోడను సమీపించినవారికి ప్రాణాపాయము. పడమటి వైపున మాత్రము జనులు గోడదాక పోగలిగిరి. ఐనను ఆ గోడ సరిహద్దునకు కొంచెము లోపలగా కట్టబడినందున, పడమటివైపు నిలిచి బొమ్మవేయువాడు సైతము తూర్పు ప్రభుత్వపు నేలమీదనే నిలిచియుండును. 1984లో ఆ గోడప్రక్కనే కాపురమున్న తియెరీ న్వార్ అను ఫ్రెంచి యువకుడు పెద్దపెద్ద తలలను ముదురు రంగులతో దానిపై వేయ నారంభించెను. ఇతరులును ఆ పనికి పూనుకొనిరి.

1989 నవంబరు 9వ తేదీన గోడ తెఱవబడినది. మఱుసటి యేట బొమ్మలున్న గోడముక్కలను మొనాకోలో వేలము వేసిరి. కొన్నవారు బొమ్మను చూచి కొనిరే కాని, కాంక్రీటును చూచి కాదు. బొమ్మలు వేసినవారిలో కొందఱు న్యాయస్థానమున కెక్కిరి. 1995లో జర్మనీ అత్యున్నత న్యాయస్థానము, అనుమతి లేకయే వేసినవైనను ఆ బొమ్మలు వారి సొత్తేయనియు, అమ్మగా వచ్చిన సొమ్ములో వారికి భాగ మీయవలయుననియు తీర్పు చెప్పినది. గోడ యొకరిది, బొమ్మ యొకరిది కావచ్చునని ధర్మాసనమే యంగీకరించినదన్నమాట. పూర్వము ఎవరును సమీపింపరాని తూర్పు ముఖమున, 1990లో 21 దేశములకు చెందిన 118 మంది చిత్రకారులు బొమ్మలు వేసిరి. సుమారు 1,300 మీటర్ల ఆ గోడ నేటికిని ఆరుబయలు చిత్రశాలగా నిలిచియున్నది. ఎండకును వానకును అవి చెడిపోగా, 2009లో పలువురు చిత్రకారులు తిరిగి వచ్చి తమ బొమ్మలను తామే మఱల వేసిరి.

రాత్రివేళ రంగుడబ్బాతో వీథులు తిరుగుట మగవారికే చెల్లునని తలచు కాలమున, 1985లో పారిసు గోడలపై నొక స్త్రీ తన బొమ్మలను నిలిపెను. ఆమె పెట్టుకొన్న పేరు 'మిస్ టిక్'. నల్లని జుట్టుతో, ధీరమైన చూపుతో నిలిచిన స్త్రీమూర్తి, దాని ప్రక్కను తాను కూర్చిన శ్లేషతో గూడిన చిన్న వాక్యము: ఇది యామె పద్ధతి. ప్రకటనల గోడలపై అంతవఱకు స్త్రీ సబ్బులను, బట్టలను అమ్మిపెట్టుచు నవ్వుచుండెడిది. ఇచట ఆమె తన మాట తాను పలికినది. పరుల గోడను పాడుచేసినదని 1997లో ఆమెను పట్టుకొని విచారించి జరిమానా వేసిరి. అటుపిమ్మట నామె ముందుగా ఇంటివారి యనుమతి గైకొని బొమ్మలు వేయసాగినది. 2011లో అంతర్జాతీయ మహిళాదినోత్సవ సందర్భమున ఫ్రాన్సు తపాలాశాఖ యామె బొమ్మలతో బిళ్లలు ముద్రించినది. ఒకప్పుడు నేరమైన బొమ్మ జాబులపై నెక్కి ఇంటింటికి పోయినది. 2022లో ఆమె కాలధర్మము చెందెను.

ఇంగ్లండులో బాంక్సీ యను మాఱుపేరుగల చిత్రకారుని కథ మఱియొక తీరు. 2012లో రాణిగారి సింహాసనారోహణ వజ్రోత్సవ సమయమున, ఉత్తర లండనులోని వుడ్ గ్రీన్ అను పేటలో నొక యంగడి ప్రక్కగోడపై ఆయన బొమ్మ కానవచ్చినది. ఒక పేదబాలుడు మోకాళ్లపై వంగి, కుట్టుమిషనుపై ఉత్సవమునకు కావలసిన జెండాల తోరణమును కుట్టుచున్నాడు. అందఱి సంబరము వెనుక ఎవరి చేతులు నొచ్చుచున్నవో యా బొమ్మ యడుగుచున్నది. 2013 ఫిబ్రవరిలో ఎవరో గోడను కోసి బొమ్మను తీసికొనిపోయిరి. కొలదిదినములకే యది అమెరికాలోని మయామి నగరపు వేలముపాటలో తేలినది. పేటవారు గోలపెట్టగా ఆ వేలము నాగినదే కాని, కొన్ని మాసములకు లండనునందే గొప్ప ధరకు అమ్ముడుపోయినది. పేదపిల్లవాని కష్టము పేటవారి కన్నులెదుటనుండి తొలగి ధనికుని గదికి చేరినది. వారికి మిగిలినది గోడలోని గాటు.

ఇటలీలోని బొలోన్యా నగరమున 2016లో ఇట్టి గోడబొమ్మలను కొన్నిటిని ఊడదీసి, రుసుముపెట్టి చూపెడు ప్రదర్శన యొకటి యేర్పఱచిరి. పాడుపడిన గోడలతో పాటు నశింపకుండ కాపాడుటకే యట్లు చేసితిమని నిర్వాహకులు చెప్పిరి. 'బ్లూ' అను చిత్రకారుడు ఇరువది యేండ్లుగా ఆ నగరపు గోడలపై పెద్దపెద్ద బొమ్మలు వేసియుండెను. బాటసారులకై వేసినవానిని ఊడబెఱికి టిక్కెట్టు పెట్టుటకు సహింపక, ఆయన బూడిదరంగు తెప్పించి, స్నేహితుల సాయమున తన బొమ్మల నన్నిటిని తానే పూసివేసెను. కన్నబిడ్డవంటి పనిని తన చేతులతో తాను చెఱపుకొనుట ఎంత కఠినమో, చేతిపని యెఱిగిన మనము ఊహింపగలము.

ఇట్టి కలహమునకు పోర్చుగల్లునందలి లిస్బను నగరము సామరస్యమార్గ మొకటి వెదకినది. 2008లో పురపాలకులే యొక శాఖ నేర్పఱచి, చిత్రకారులకు గోడలు చూపసాగిరి. 2012లో లారా సేష్ రోడ్రిగెష్ అను మహిళ 'లాటా 65' అను తరగతుల నారంభించినది. 'లాటా' యనగా డబ్బా. 65 వయస్సునకు గుఱుతు. తాతలకును, అమ్మమ్మలకును, నాయనమ్మలకును అట్ట కత్తిరించుట, రంగు చిమ్ముట నేర్పి, తుదకొక గోడ నప్పగింతురు. పిల్లల పోకిరిపని యనుకొన్నదానిని తామును చేసి చూచిన వృద్ధులు, తమ వీథిలోని గోడలను వేఱుకన్నుతో చూడ నేర్చుచున్నారు.

ఇవి యన్నియు చూచిన పిమ్మట నాకు తోచినది చెప్పెదను. గోడ కట్టినవాని సొత్తు. దానిని తుడుచుకొను హక్కు వానికి కలదు. అడుగక గీయుట తప్పే. ఐనను గోడకు రెండు ముఖము లున్నవి. లోపలిది ఇంటివారిది; వెలుపలిది దారిని పోవువారి కన్నులకును చెందినది. వీథికొఱకై వేసినదానిని వీథినుండి తీసి యమ్ముకొనుట, అడుగక గీయుటకంటె పెద్ద తప్పు. మనము ప్రతిదినము వాకిట పెట్టు ముగ్గు ఇంటిహద్దు దాటి వీథిలోనే పడుచున్నది గదా! ఆ నేల మనది కాదు. ఎవరిని అడిగి పెట్టుచున్నాము? మధ్యాహ్నమునకు బండ్లును కాళ్లును దానిని చెఱిపివేసినను మనము వగవము. దానిక్రింద పేరు వ్రాసికొనము, వెల కట్టము. అందుచేతనే కాబోలు దానిపై నెవరికిని తగవు లేదు.

మా గోడమీది యావును దూడను నేను తుడిచివేసితిని. పండుగకు చుట్టములు వచ్చుచుండిరి, గోడ మాది. ఐనను గంటవఱకు వచ్చి గుడ్డ కొంచె మాగినది. ఈ సంవత్సరము సందువైపు గోడకును సున్నము వేయించి, దానిపై నెవరైన గీసినను ఏమియు ననవలదని ఇంటివారందఱికిని చెప్పియుంచితిని. ఇంతవఱకు ఎవరును గీయలేదు. గోడ తెల్లగనే యున్నది.