పక్షవాత రోగి కాలిలో రక్తం గడ్డకట్టకుండా జాగ్రత్తలు

పక్షవాతం వచ్చిన రోగిని ఆసుపత్రి నుండి ఇంటికి తీసుకురాగానే, చచ్చుబడిన చేయి, కాలు తిరిగి ఎప్పుడు కదులుతాయా అన్నదానిమీదనే ఇంటిల్లిపాది దృష్టీ ఉంటుంది. ఉదయం, సాయంత్రం గోరువెచ్చని తైలంతో మర్దన చేస్తారు. ఆ శ్రద్ధ మెచ్చదగినదే. అయితే మంచం పట్టిన రోగికి తొలి వారాలలో మరొక ప్రమాదం పొంచి ఉంటుంది. అది కాలి లోపలి సిరలలో రక్తం గడ్డకట్టడం. అటువంటి కాలికి చేసే మర్దన ప్రాణాంతకం కావచ్చు.

రక్తం ఎందుకు గడ్డకడుతుంది?

కాళ్లలోని రక్తం పైకి ప్రవహించి గుండెను చేరాలి. మనం నడిచినప్పుడల్లా పిక్క కండరాలు బిగిసి, సిరలను నొక్కి, రక్తాన్ని పైకి తోస్తాయి. చచ్చుబడిన కాలిలో ఈ పని ఆగిపోవడం వలన రక్తం నిలిచి, గడ్డకడుతుంది. ఒంట్లో నీరు తగ్గినా ఈ ప్రమాదం పెరుగుతుంది. ఆ గడ్డ తెగి, రక్తంతో పాటు పోయి ఊపిరితిత్తుల రక్తనాళాలలో చిక్కుకుంటే ప్రాణాపాయం కలుగుతుంది.

ఇంట్లో చేయవలసినవి

వైద్యుడు అనుమతించిన వెంటనే రోగిని కూర్చోబెట్టడం, ఆపై ఆసరాతో నిలబెట్టి నడిపించడం ప్రారంభించాలి. పడుకొని ఉన్నంతకాలం రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. బాగున్న కాలి పాదాన్ని పైకి, క్రిందికి ఆడించమని రోగికి చెప్పాలి. గడ్డ లక్షణాలు లేనప్పుడు, చచ్చుబడిన కాలి మడమను ఫిజియోథెరపిస్టు చూపిన విధంగా ఇంటివారే మెల్లగా కదపాలి. మోకాలి క్రింద దిండు పెట్టి ఉంచరాదు. అక్కడి సిర నొక్కుకుపోతుంది.

నీరు తగినంత ఇవ్వాలి. గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఎంత ఇవ్వాలో వైద్యుడే చెప్పాలి. మింగేటప్పుడు పొరబోతున్నట్లయితే నోట నీరు పోయరాదు.

బిగుతు మేజోళ్లు కొని తొడిగితే చాలునని కొందరు భావిస్తారు. 2009లో వెలువడిన పరిశోధనలో, 2,518 మంది పక్షవాత రోగులను పరిశీలించగా, తొడవరకు తొడిగే మేజోళ్ల వలన ప్రయోజనం కనిపించలేదు. పైగా చర్మానికి పుండ్లు పడ్డాయి. కాళ్లకు చుట్టిన తొడుగులలో గాలి నింపుతూ, తీస్తూ ఉండే యంత్రం మాత్రం మేలు చేసింది. 2013లో వెలువడిన మరో పరిశోధనలో, అది వాడనివారిలో 12.1 శాతం మందికి గడ్డలు ఏర్పడగా, వాడినవారిలో 8.5 శాతం మందికే ఏర్పడ్డాయి. దీనిని వైద్యుని సలహాపైనే వాడాలి.

మర్దనకు ముందు పిక్కను చూడండి

ఆయుర్వేదం పక్షాఘాతాన్ని వాతవ్యాధులలో చేర్చి, తైలమర్దనను, కాపడాన్ని చికిత్సలో భాగంగా చెప్పింది. కాని తైలం చేతిలోకి తీసుకునే ముందు రెండు కాళ్లనూ ప్రక్కప్రక్కన ఉంచి పరిశీలించాలి. స్పర్శజ్ఞానం తగ్గిన కాలిలో నొప్పి తెలియకపోవచ్చు. అందుచేత రోగి మాటనే నమ్ముకోక, దర్జీ టేపుతో రెండు పిక్కలనూ మోకాలి చిప్ప క్రింది ఎముక బుడిపె నుండి 10 సెంటీమీటర్ల దిగువన ప్రతిదినం కొలిచి వ్రాసుకోవడం మంచిది. ఒక కాలు మరొకదానికంటే 3 సెంటీమీటర్లకు మించి లావైనా, కొత్తగా వాపు, వేడి, ఎరుపు, నొప్పి కనిపించినా మర్దన, కాపడం వెంటనే ఆపి, ఆ రోజే వైద్యునికి చూపాలి. కొలతలో తేడా లేనంత మాత్రాన గడ్డ లేదని నిశ్చయించుకోరాదు.

హఠాత్తుగా ఆయాసం, ఛాతీలో నొప్పి, దగ్గులో రక్తం, స్పృహ తప్పడం వంటివి కనిపిస్తే క్షణం ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయాలి.

మందులు, ఆహారం

కొందరికి మెదడులో రక్తనాళం మూసుకొని పక్షవాతం వస్తుంది. కొందరికి నాళం చిట్లి వస్తుంది. రెండవ రకం వారికి రక్తాన్ని పలుచబరచే మందు ప్రమాదకరం కావచ్చు. కనుక ఆస్పిరిన్ వంటి మాత్రలు సొంతంగా వేయరాదు. ఆ మందులు ఇప్పటికే వాడుతున్నవారు వంటలో వెల్లుల్లి, అల్లం, పసుపు మామూలుగా తినవచ్చు; ఔషధంగా ఎక్కువ మోతాదులో తీసుకుంటే రక్తస్రావం కలిగే అవకాశం ఉంది. వార్ఫరిన్ వాడేవారు పాలకూర, తోటకూర మానవలసిన పనిలేదు; ఒక వారం అధికంగా, మరో వారం అసలే లేకుండా కాక, ఎప్పుడూ ఒకే పరిమాణంలో తినాలి. ఏ కషాయం, చూర్ణం ప్రారంభించినా ముందుగా వైద్యునికి తెలియజేయాలి.