దుమ్ముబాటల బండ్లకు గాలి ఫిల్టరు నెన్నుకొనుట

మన గ్రామములలో నేడు మోటారు సైకిలు లేని యిల్లు అరుదుగా నున్నది. తారురోడ్డుమీద తిరుగుటకై చేయబడిన బండియైనను, రైతు చేతికి వచ్చిన పిమ్మట అది పొలముగట్లమీదను, బండిబాటలలోను, వాగుల యిసుకలోను తిరుగవలసియే యున్నది. పాలక్యానులు, ఎరువు బస్తాలు, పచ్చగడ్డి మోపులు సర్వమును దానిమీదనే పోవుచున్నవి. కొందరు గతుకు బాటలకై ప్రత్యేకముగా చేయబడిన ఎత్తైన బండ్లను గూడ కొనుచున్నారు. న్యూజీలండు, ఆస్ట్రేలియా దేశముల రైతులు గొఱ్ఱెల మందలను మరల్చుటకు ఏ.టీ.వీ. అను లావు చక్రముల నాలుగుకాళ్ల బండిని విరివిగా వాడుదురు. మనదేశమునందును అట్టివి అక్కడక్కడ కానవచ్చుచున్నవి.

ఈ బండ్లన్నిటికిని ప్రధాన శత్రువు దుమ్ము. దానిని వాకిటనే ఆపునది గాలి ఫిల్టరు. పెక్కుమంది రైతులు అప్పుచేసి బండి కొందురు. ఆ యప్పు తీరకమునుపే ఇంజను బోరుకు వచ్చినచో రైతునకు రెండు విధముల నష్టము. కావున ఏ ఫిల్టరు ఏ బాటకు తగునో, దానిని కాపాడుకొను పద్ధతి యెట్టిదో సభ్యులు తెలిసికొనుట అవసరము.

దుమ్ము ఇంజనును తినివేయు విధము

పెట్రోలు మండుటకు గాలి కావలెను. తూకమున ఒక పాలు పెట్రోలునకు దాదాపు 14.7 పాళ్లు గాలి వలయును. ఈ లెక్క ప్రకారము ఒక లీటరు పెట్రోలు మండునప్పటికి ఇంజను సుమారు 9,000 లీటర్ల గాలిని పీల్చుకొనును. ఆ గాలిలో నున్న దుమ్మంతయు ఫిల్టరు గుండ పోవలసినదే.

మన నేలల దుమ్ములో అధికభాగము సన్నని యిసుక. అది గాజును గీయగల గట్టి పదార్థము. పిస్టను రింగులకును సిలిండరు గోడకును మధ్య పలుచని నూనెపొర యుండును. ఆ సందున దూరగల రేణువు రెండు లోహములను ఆకురాయివలె రాచును. మరియు అది ఇంజను ఆయిలులో కలిసి బేరింగులవరకు పోవును. కంటికి కనబడు గరుకు యిసుక కంటె, మనకు కనబడని మెత్తని దుమ్మే యెక్కువ ప్రమాదకరము. తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. హానిచేయు రేణువులలో పెక్కు 5 మొదలు 20 మైక్రానుల పరిమాణము గలవి. అందుచేత ఫిల్టరును ఎత్తిపట్టి “రంధ్రములు చిన్నవిగానే యున్నవి” అని కంటితో తీర్పు చెప్పుట పొరపాటు.

రింగులు అరిగిన ఇంజను ఆయిలు త్రాగును, పొగగొట్టమున నీలిపొగ వచ్చును, లాగుడు తగ్గును. ఆ స్థితికి వచ్చిన పిదప క్రొత్త ఫిల్టరు వేసినను పోయిన లోహము తిరిగి రాదు.

ఫిల్టరు పుట్టినది వ్యవసాయమునందే

1915వ సంవత్సరమున అమెరికాలో ఫ్రాంకు డొనాల్డ్‌సన్ అను ట్రాక్టరు విక్రేత, యూటా రాష్ట్రమునందలి ఒక రైతు ట్రాక్టరు దుమ్ముచే మాటిమాటికి చెడిపోవుట చూచెను. అతడు తీగపంజరమునకు మెత్తని గుడ్డ చుట్టి, గొట్టమునకు తగిలించి, ఇంజను పీల్చు గాలిని దానిగుండ పోనిచ్చెను. ఈ పనిముట్టు నుండియే ఆయన పేరుగల పరిశ్రమ బయలుదేరినది. తరువాత ట్రాక్టరులకు నూనెతొట్టి ఫిల్టరులు వచ్చినవి. వానిలో గాలి నూనెమీదుగా పోయి, దుమ్మును అందులో విడిచి, తీగల వలగుండ ఇంజనునకు చేరును. పాత ట్రాక్టరులు గల రైతులు దీని నెరుగుదురు. దుమ్మును నూనె జిగటకు అంటించి పట్టు ఆ సూత్రమే నేటి గతుకుబాటల మోటారు సైకిళ్ల స్పాంజి ఫిల్టరులలోను గలదు.

మూడు ప్రశ్నలు

ఏ ఫిల్టరునైనను మూడు గుణములచేత పరీక్షింపవలెను. మొదటిది, వచ్చిన దుమ్ములో ఎంత భాగమును ఆపును? రెండవది, గాలికి అడ్డము కాకుండ ఎంత దుమ్మును తనలో నిలుపుకొనగలదు? మూడవది, క్రొత్తగా నున్నప్పుడు గాలిని ఎంత సులభముగా పోనిచ్చును? ఫిల్టరుల పరీక్షకై యేర్పడిన ఐ.ఎస్.ఓ. 5011 అను అంతర్జాతీయ ప్రమాణము కూడ ఈ మూడింటినే కొలుచును. అంగడిలో మూడవ గుణమునే పొగడి, “బండి లాగుడు పెరుగును” అని అమ్ముదురు. దుమ్ములో తిరుగు రైతునకు మొదటి రెండును ముఖ్యములు.

కాగితము, స్పాంజి, నూలుగుడ్డ

కాగితపు ఫిల్టరు: పెక్కు రోడ్డు బండ్లకు కంపెనీవారు పెట్టునది యిదియే. మడతలు మడతలుగా నుండు ఈ కాగితము మెత్తని దుమ్మును మిక్కిలి చక్కగా ఆపును. కాని దుమ్ము దాని పైతలముననే పేరుకొనుటచే దట్టమైన దుమ్ములో త్వరగా మూసికొనిపోవును. నీటిలో తడిసినచో గాలికి అడ్డమగును. దీనిని కడుగరాదు. కొన్ని కాగితములకు జిగట నూనె పూసి యుండును. వానిని గాలిగొట్టముతో ఊదరాదు, గడువునకు మార్చవలసినదే. పొడి కాగితమును ఊదవచ్చునని బండి పుస్తకములో నున్నయెడల, లోపలినుండి వెలుపలికి మెల్లగా ఊదవలెను. గట్టిగా ఊదినచో కాగితము చిరుగును. ఆ చిరుగు కంటికి తెలియకపోవచ్చును.

స్పాంజి ఫిల్టరు: గతుకుబాటల పందెపు బండ్లకును పెక్కు ఏ.టీ.వీ.లకును వాడబడునది. స్పాంజికి జిగట నూనె పట్టించుటచే దుమ్ము పైతలముననే గాక మందమంతట అంటుకొనును. కావున చాల దుమ్మును పట్టియు గాలిని పోనిచ్చును. మంచివాటిలో వెలుపల గరుకు పొర, లోపల సన్నని పొర యుండును. కడిగి, నూనె పట్టించి, మరల మరల వాడుకొనవచ్చును. నూనెలేని స్పాంజి మాత్రము కొరగానిది; మెత్తని దుమ్ము దానిగుండ సులభముగా దూరిపోవును. పని చేయునది నూనె. స్పాంజి దానిని మోయునది మాత్రమే.

నూలుగుడ్డ ఫిల్టరు: తీగవలల నడుమ నూలుగుడ్డ పొరల నుంచి నూనె పట్టించినది. అమెరికాలో కెన్ జాన్సన్, నార్మ్ మక్‌డొనాల్డ్ అను నిద్దరి పేర 1957లో వెలసిన కే అండ్ ఎన్ సంస్థ దీనికి ప్రసిద్ధి తెచ్చినది. ఇది గాలిని ధారాళముగా పోనిచ్చును, పలుమారులు కడిగి వాడవచ్చును. అయినను అతి సన్నని దుమ్మును ఆపుటలో సాధారణముగా మంచి కాగితమునకు తీసికట్టు. దట్టమైన దుమ్ములో దీనిని వాడదలచినవారు పైన తొడుగు గుడ్డ వేయుట మేలు. నూనె మితిమీరి పట్టించినచో, గాలిని కొలుచు సున్నితమైన సాధనము గల ఇంజనులలో ఆ నూనె దానిపై చేరి చెఱుపు చేయవచ్చును.

ఏది ఎవరికి?

తారురోడ్డున తిరిగి, అప్పుడప్పుడు పొలమునకు పోవు బండికి కంపెనీవారి కాగితపు ఫిల్టరే శ్రేష్ఠము. గడువును మాత్రము తగ్గించుకొనవలెను. ప్రతిదినము మట్టిబాటలలోను, ట్రాక్టరుల వెనుకను తిరుగు బండికి, సరిగా అమరు మంచి స్పాంజి దొరకినచో అది తగును. కాని వారమునకొకమారు కడిగి నూనె పట్టించు ఓపిక లేనివారు స్పాంజి జోలికి పోరాదు. అట్టివారు కాగితమునే వాడి తఱచుగా మార్చుట క్షేమము. మనము నిజముగా ఎంత శ్రద్ధ చూపగలమో తెలిసికొని, దానికి తగిన ఫిల్టరు నెన్నుకొనుటయే సరియైన యెన్నిక.

అంచు బిగువు

ఎంత విలువైన ఫిల్టరైనను అంచు సరిగా కూర్చుండనిచో వ్యర్థము. ఇంజను పీల్చు గాలి తేలికైన దారినే వెదకును; అంచున చిన్న సందున్నచో దుమ్ముగాలి అచ్చటనే దూరును. కావున ఫిల్టరు కొనునప్పుడు పాతదానిని వెంట తీసికొనిపోయి కొలతలు సరిచూడవలెను. పెట్టె మూత మరలు, ఫిల్టరునకును కార్బురేటరునకును నడుమనుండు రబ్బరు గొట్టము, దాని బిగింపు పట్టీ పగుళ్లు లేకుండ నున్నవో లేదో చూడవలెను. స్పాంజి అంచునకు పలుచగా గ్రీజు పూయుట మంచి వాడుక.

పరీక్ష సులభము. ఇంజను ఆపి, ఫిల్టరు తీసి, గొట్టము లోపలిభాగమును తెల్లని గుడ్డతో తుడువుడు. గుడ్డకు మట్టి అంటినచో దుమ్ము లోనికి పోవుచున్నదని నిశ్చయింపవలెను. అప్పుడు సందెక్కడ నున్నదో వెదకి సరిచేయనిదే బండిని నడుపరాదు.

స్పాంజిని కడుగు పద్ధతి

ఫిల్టరు తీసిన వెంటనే గొట్టపు నోటిని శుభ్రమైన గుడ్డతో మూయవలెను. స్పాంజిని పెట్రోలుతో కడుగరాదు. అతుకుల జిగురు కరగును, అగ్నిభయమును గలదు. ఇందులకై అమ్ము ద్రవముతో గాని, గోరువెచ్చని సబ్బునీటితో గాని ముంచి మెల్లగా ఒత్తవలెను. బట్టను పిండినట్లు మెలిపెట్టినచో చిరుగును. మంచినీట కడిగి, నీడను పూర్తిగా ఆరనిచ్చి, అటుపిమ్మట ఫిల్టరు నూనె పట్టించి, అంతట సమముగా వ్యాపించునట్లు ఒత్తి, మిగులు నూనెను తీసివేయవలెను. మామూలు ఇంజను ఆయిలు పలుచనిదగుటచే క్రిందికి జారిపోవును. బండి పుస్తకములో మఱియొక నూనె చెప్పబడియున్నచో దానినే వాడుడు. పొడిపొడిగా విరుగు స్పాంజిని పారవేయవలెను.

రెండు స్పాంజిల నుంచుకొనుట ఉత్తమము. ఒకటి బండిలో నుండగా రెండవది కడిగి, నూనె పట్టించి, మూతగల డబ్బాలో సిద్ధముగా నుండవలెను. అట్లున్నచో కోతల వేళ తొందరలో మురికి ఫిల్టరుతో బండి నడుపవలసిన అవసరము రాదు.

మానవలసిన అలవాట్లు

ఫిల్టరు మూసికొని బండి లాగనప్పుడు దానిని తీసివేసి నడుపుట మన పల్లెలలో కద్దు. ఇది వాకిలి తెరచి దొంగను పిలుచుట వంటిది. గాలి బాగుగా వచ్చునని పెట్టె మూతకు రంధ్రములు పొడుచుటయు, పెట్టె తీసివేసి ఆరుబయట ఫిల్టరు బిగించుటయు దుమ్మునకు, బురదకు, వాననీటికి దారి చూపుటయే. పైగా గాలి పెరిగినప్పుడు పెట్రోలు పాలును మార్చవలసి వచ్చును. బండి కడుగునప్పుడు నీటిధారను ఫిల్టరు పెట్టెవైపు కొట్టరాదు. పెట్టె అడుగున చిన్న గొట్టమున్నచో అందు చేరిన నీటిని, నూనెను అప్పుడప్పుడు వదలవలెను.

కంపెనీవారు చెప్పు కిలోమీటర్ల గడువు మంచి రోడ్లకు సంబంధించినది. దుమ్ములో తిరుగువారు కిలోమీటర్లను గాక దుమ్మును లెక్కింపవలెను. కార్బురేటరు బండి నల్లపొగ వదలుచు, పెట్రోలు ఎక్కువ త్రాగుచు, ఎత్తునకు లాగలేకపోయినచో మొదట ఫిల్టరును చూడుడు. ఒకరి బండి వెనుక మరియొకరు పోవునప్పుడు దూరము పాటించిన చాలు, పీల్చవలసిన దుమ్ములో చాలభాగము తప్పును.

ముగింపు

ఫిల్టరు వెల స్వల్పము. దానివలన తప్పు పిస్టను, రింగులు, బోరు ఖర్చు దానికి అనేకరెట్లు. కొనునప్పుడు ఐదారుగురు సభ్యులు కూడి ఒకే రకము బండ్లకు ఫిల్టరులను, నూనెను కలిసి తెప్పించుకొన్నచో వెల తగ్గుటయే గాక నకిలీ సరుకు బెడదయు తగ్గును. ఎడ్లకు మేత వేయుటకు ముందు దుమ్ము దులిపి వేయు రైతు, తన యంత్రమునకు దుమ్ము లేని గాలి నిచ్చుటయందు ఏమరుపాటు చూపరాదు. ఈ మాసమునందే ప్రతి సభ్యుడును తన బండి ఫిల్టరు పెట్టెను విప్పి, తెల్లగుడ్డ పరీక్ష చేసి చూచుకొనవలెనని మా మనవి.