చుక్కల చిక్కు

పిల్లలూ, వాక్యం ఎక్కడ ముగుస్తుంది అని అడిగితే రెండో తరగతి పిల్లవాడు కూడా, "చుక్క దగ్గర!" అంటాడు. నిజమే. కాని చుక్క ఉన్న ప్రతిచోటా వాక్యం ముగుస్తుందా? ఈ నాలుగు వాక్యాలూ చదవండి:

"సి. పి. బ్రౌన్ 10.11.1798న కలకత్తాలో జన్మించాడు. ఆయన తయారుచేసిన తెలుగు నిఘంటువు క్రీ.శ. 1852లో అచ్చయింది. ఆ పుస్తకం వెల ఇప్పుడు రూ. 450.50 అనుకుందాం. మీరు కొంటారా?"

ఇందులో చుక్కలు ఎన్ని ఉన్నవో లెక్కపెట్టండి. పదకొండు! వాక్యాన్ని ముగించే చుక్కలు మాత్రం మూడే. నాలుగో వాక్యాన్ని ప్రశ్నార్థకం ముగించింది. మిగిలిన ఎనిమిది చుక్కలకూ వేరే పనులున్నవి. కొన్ని పేరునూ మాటనూ పొట్టి చేసినవి. కొన్ని తేదీలో రోజునూ నెలనూ సంవత్సరాన్నీ విడదీసినవి. ఒకటి రూపాయలనూ పైసలనూ వేరుచేసింది. మీరు చదివేటప్పుడు ఇదంతా ఆలోచించనే లేదు. ఆగవలసిన చోట ఆగి, మిగతా చోట్ల సాగిపోయారు.

ఈ పనే కంప్యూటరుకు అప్పగిస్తే ఏమవుతుంది? అసలు దానికి ఈ పని ఎందుకు అంటారా? చూపు లేనివారికి పుస్తకాలూ కాగితాలూ చదివి వినిపించే యంత్రాలు ఇప్పుడు ఉన్నవి. వాక్యం ఎక్కడ ముగిసిందో తెలిస్తేనే యంత్రం గొంతు అక్కడ దించి, కాస్త ఆగగలదు. మందు కాగితం మీద "పిల్లవాడికి పూటకు 2.5 మి.లీ. ఇవ్వాలి" అని ఉన్నదనుకోండి. యంత్రం 2 దగ్గర వాక్యం ముగిసిందనుకుని ఆగి, "5 మి.లీ. ఇవ్వాలి" అని కొత్త వాక్యం ఎత్తుకుంటే? వింటున్న తల్లి రెండింతల మందు పోయవచ్చు! చుక్క చిన్నదే కాని, దాని వల్ల జరిగే పొరపాటు చిన్నది కాదు.

కంప్యూటరుకు తనంతట తాను అర్థం తెలియదు. మనం సూత్రాలు వ్రాసి ఇస్తే, వాటిని తు.చ. తప్పకుండా పాటిస్తుంది. ఇలా వరుసగా వ్రాసి ఇచ్చే సూత్రాలనే ప్రోగ్రాము అంటారు. మనమూ ఒకటి తయారుచేద్దాం.

ముందుగా, "చుక్కగాని, ప్రశ్నార్థకంగాని, ఆశ్చర్యార్థకంగాని కనిపిస్తే అక్కడ కోయి" అని చెప్పి చూద్దాం. పైన వ్రాసిన నాలుగు వాక్యాలూ పన్నెండు ముక్కలవుతవి. "సి" ఒక ముక్క, "పి" ఒక ముక్క, "బ్రౌన్ 10" ఒక ముక్క! ఇది పనికి రాదు.

మొదటి సూత్రం: చుక్క తరువాత ఖాళీ ఉంటేనే కోయాలి. ఇప్పుడు తేదీ బతికింది, 450.50 బతికింది. పన్నెండు ముక్కలు ఎనిమిదికి తగ్గినవి. మందు కాగితం మీద 2.5 కూడా చీలిపోదు. అయితే ఎవరైనా అజాగ్రత్తగా "2. 5" అని మధ్య ఖాళీ వదిలితే, ఈ సూత్రం వారిని కాపాడలేదు. అలాగే "వచ్చాడు.తిన్నాడు" అని ఖాళీ లేకుండా వ్రాస్తే రెండు వాక్యాలూ అతుక్కుపోతవి.

రెండవ సూత్రం: పొట్టి మాటల పట్టిక ఒకటి ఇవ్వాలి. డా., క్రీ.శ., క్రీ.పూ., రూ., కి.మీ., మి.లీ. – ఈ పట్టికలోని మాట తరువాత కోయకూడదు. ఇప్పుడు ఆరు ముక్కలు మిగిలినవి.

మూడవ సూత్రం: చుక్కకు ముందు ఒకే ఒక అక్షరం ఉంటే అది ఇంటిపేరో, పేరులో భాగమో అనుకుని కోయకూడదు. దీనితో సి. పి. బ్రౌన్ కూడా ఒకటయ్యాడు. సరిగ్గా నాలుగు వాక్యాలు వచ్చినవి! (ఎఫ్., హెచ్. వంటివి తెలుగులో ఒక్క అక్షరం కావు గనుక వాటిని కూడా పట్టికలో చేర్చాలి.)

ఇక్కడ ఒక సంగతి గమనించండి. "ఖాళీ ఉంటే కోయి" అన్నది అన్నిటికీ వర్తించే సూత్రం. మిగతా రెండూ మినహాయింపులు. యంత్రం ముందు మినహాయింపులను చూచి, ఆ తరువాతనే సామాన్య సూత్రానికి రావాలి. వరుస తారుమారైతే అంతా చెడిపోతుంది. పాణిని వ్యాకరణంలో కూడా విశేష సూత్రం సామాన్య సూత్రాన్ని తోసిపుచ్చుతుంది.

అయితే పని పూర్తయినట్టేనా? "ఇటు రా. భోజనం చేద్దాం." ఇందులో "రా" ఒకే అక్షరం. మన యంత్రం దాన్ని ఇంటిపేరు అనుకుని, రెండు వాక్యాలనూ కలిపేస్తుంది! కథలు వ్రాసిన రా. వి. శాస్త్రి పేరులో అదే "రా" నిజంగా ఇంటిపేరు. అక్షరం ఒకటే, చుక్క ఒకటే. పని మాత్రం వేరు.

ఇంకా గట్టి చిక్కు ఒకటి ఉన్నది. "ఆ ఊరు 12 కి.మీ. దూరంలో ఉంది." "ఆ ఊరు 12 కి.మీ. మేము నడిచి వెళ్ళాం." మొదటి దానిలో "కి.మీ." చివరి చుక్క మాటను పొట్టి చేసింది, అంతే. రెండవ దానిలో అదే చుక్క మాటను పొట్టి చేసి, వాక్యాన్ని కూడా ముగించింది. ఒకే చుక్క రెండు ఉద్యోగాలు చేస్తున్నది!

ఇంగ్లీషులో ఇలాంటి చుక్కలను నిజంగా లెక్కపెట్టారు. అమెరికాలో బ్రౌన్ విశ్వవిద్యాలయంవారు (ఈ బ్రౌన్ వేరు, మన సి. పి. బ్రౌన్ వేరు) 1961లో అచ్చయిన రచనల నుంచి సుమారు 10 లక్షల మాటలు పోగుచేశారు. వాటిలో చుక్కలను పరిశీలిస్తే, నూటికి సుమారు 90 వాక్యాలను ముగించేవి; 10 మాటలను పొట్టి చేసేవి. రెండు పనులూ చేసేవి 200లో ఒకటి. నూటికి 90 మార్కులంటే బాగానే ఉన్నదే అనుకోకండి. పేజీకి 30 చుక్కలుంటే, ప్రతి పేజీలోనూ మూడు తప్పులన్నమాట!

ఇంగ్లీషువారికి ఒక ఆసరా ఉన్నది. వాక్యం పెద్దక్షరంతో మొదలవుతుంది గనుక, చుక్క తరువాత చిన్నక్షరం వస్తే సాధారణంగా వాక్యం ముగియలేదన్నమాట. మన తెలుగులో పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ లేవు. మరి మనకు ఏమున్నది? క్రియ ఉన్నది! వెనుకటి తాళపత్రాలలో ఇప్పటి చుక్కలు లేవు. సాధారణంగా మాటల మధ్య ఖాళీ కూడా ఉండేది కాదు. అయినా పెద్దలు చదువుకున్నారు. "వచ్చి, చూచి, తిని" అంటే మాట ఇంకా ఉన్నది. ఇవి అసమాపక క్రియలు. "వచ్చాడు, చూచింది, తిన్నారు" అంటే మాట ముగిసింది; ఇవి సమాపక క్రియలు. బడిలో నేర్చుకున్న ఈ తేడానే నాలుగవ సూత్రంగా యంత్రానికి నేర్పవచ్చు: చుక్కకు ముందు సమాపక క్రియ ఉంటే ధైర్యంగా కోయి. "రా" చిక్కు కూడా దీనితో కొంత తీరుతుంది. కాని "ఈయన మా నాన్న" వంటి వాక్యంలో క్రియే లేదు. "ఆ ఊరు 12 కి.మీ." కూడా అలాంటిదే. అందుకే ఆ చిక్కు మిగిలిపోయింది.

సూత్రాలు ఇవ్వకుండా, వేలకొద్దీ వాక్యాలు చూపి యంత్రానికి నేర్పే పద్ధతులు కూడా ఇప్పుడున్నవి. కాని సూత్రాల పద్ధతిలో ఒక మేలున్నది. తప్పు జరిగితే ఏ సూత్రం వల్ల జరిగిందో వేలుపెట్టి చూపి, దిద్దుకోవచ్చు.

యంత్రం సంగతి అలా ఉంచి, మన చేతిలో ఉన్న పని ఒకటుంది. వాక్యం ముగిశాక చుక్క పెట్టి ఖాళీ వదలండి. అంకెల మధ్య చుక్క పెడితే ఖాళీ వదలకండి. మీరు వ్రాసినదాన్ని ఎవరో ఒకరు చెవులతో చదువుకోవచ్చు.

ఇప్పుడు మీకొక లెక్క:

"గి. వెం. రామమూర్తి 29.8.1863న జన్మించారు. ఆ తేదీన తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. సభ జరిగే చోటు ఇక్కడికి 1 కి.మీ. నీవు కూడా రా. వి. శర్మ పాట పాడతాడు!"

ఇందులో చుక్కలు ఎన్ని? వాక్యాలు ఎన్ని? మన మొదటి మూడు సూత్రాలు మాత్రమే తెలిసిన యంత్రం దీన్ని ఎన్ని వాక్యాలుగా కోస్తుంది? ఏ చుక్క రెండు పనులు చేస్తున్నది?

(జవాబు: చుక్కలు 10. వాక్యాలు 5. యంత్రం కోసేది 3 వాక్యాలుగానే; "కి.మీ." దగ్గరా, "రా" దగ్గరా అది ఆగదు. "కి.మీ."లోని రెండో చుక్క రెండు పనులు చేస్తున్నది.)